బైకు స్పేర్ పార్టులు: ఏది ఆన్‌లైన్‌లో కొనాలి, ఏది మన ఊరి షాపులోనే కొనాలి

నేనుండేది ఒంగోలులో. రొయ్యల చెరువుల దగ్గరికి తిరిగే ఉద్యోగం. కొత్తపట్నం, టంగుటూరు, సింగరాయకొండ వైపు రోజుకు డెబ్బై ఎనభై కిలోమీటర్లు బండి మీదే తిరుగుతాను. చెరువు గట్ల మీద ఉప్పు గాలి, ఉప్పు నీళ్ళు. పని పడి చీమకుర్తి వైపు వెళితే గ్రానైట్ దుమ్ము. దాంతో ఏడాదికి నాలుగైదు సార్లైనా బండికి ఏదో ఒక స్పేరు కొనక తప్పదు.

ఫోన్‌లో చూస్తే అదే పార్టు రెండు మూడొందలు తక్కువ చూపిస్తుంది. షాపుకెళితే అప్పటికప్పుడు చేతికొస్తుంది. ఎక్కడ కొనాలని నన్ను అడిగేవాళ్ళకు ఒకటే చెబుతాను. ఆ పార్టు నడిరోడ్డు మీద ఫెయిలైతే ఏమవుతుందో ముందు ఆలోచించండి. తేడా వస్తే ఎవరు బాధ్యత తీసుకుంటారో తర్వాత చూడండి. ధర సంగతి ఆ తర్వాత. ఈ వరస నాకు ఒక బ్రేక్ షూ నేర్పింది.

మూడేళ్ళ కిందట ఆన్‌లైన్‌లో వెనక బ్రేక్ షూలు కొన్నాను. షాపు రేటులో సగం కూడా లేదు. రెండు నెలలు బాగానే పట్టాయి. ఒకరోజు కందుకూరు నుంచి సింగరాయకొండ వస్తూ స్పీడ్ బ్రేకర్ ముందు కాలు నొక్కితే వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. బండి అడ్డం తిరిగింది. నెమ్మదిగా వస్తున్నాను కాబట్టి కాలు ఆన్చి నిలబడ్డాను. వెనకే వస్తున్న మేత లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ హారన్ ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మెకానిక్ డ్రమ్ము విప్పి షూ నా అరచేతిలో పెట్టాడు. లైనింగు, అంటే డ్రమ్మును పట్టి ఆపే పైపొర, షూ నుంచి పెచ్చులా ఊడొచ్చి డ్రమ్ముకూ షూకూ మధ్య ఇరుక్కుంది. పక్కనే ఒక కంపెనీ షూ పెట్టి, "రెండూ పట్టి చూడన్నా" అన్నాడు. కంపెనీ దానికి లైనింగు అంచు బ్లేడుతో కోసినట్టు సాఫుగా ఉంది. అతుకు దగ్గర జిగురు సన్నటి గీతలా తప్ప బయటికి కనిపించడం లేదు. అల్యూమినియం మీద అంకెలు వేలికి తగిలేంత స్పష్టంగా ఉన్నాయి. నాదానికి జిగురు అంచుల వెంట బొట్లు బొట్లుగా కారి గట్టిపడింది, అంకెలు అలుక్కుపోయాయి, స్ప్రింగు రెండు వేళ్ళతో లాగితే సాగుతోంది. నేను ఇంట్లో ప్యాకెట్ విప్పినప్పుడే ఇవన్నీ కనిపించాయి. చూడాలని నాకు తెలియలేదు, అంతే.

ఇక్కడి నుంచి నేను పాటించే పద్ధతి వరసగా చెబుతాను.

1. మీ బండి వివరాలు ముందు రాసుకోండి

ఆన్‌లైన్‌లో తప్పు పార్టు రావడానికి ఎక్కువ కారణం మోసం కాదు, మనం బండి పేరు ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టడం. ఒకే పేరుతో పదేళ్ళుగా అమ్ముతున్న బండిలో లోపల ఎన్నో మారిపోయాయి. పొగ కాలుష్యం తగ్గించే నియమాలు 2017 ఏప్రిల్‌లో బీఎస్-4 పేరుతో, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పేరుతో వచ్చాయి. బీఎస్-6తో చాలా బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా బండ్లకు సీబీఎస్ (ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పట్టేది), అంతకు మించినవాటికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి అయ్యాయి. అందుకని 2018 బండి బ్రేకు సామాను 2020 బండికి సరిపోతుందని అనుకోవద్దు. డ్రమ్ము బండికీ డిస్కు బండికీ తేడా ఎలాగూ ఉంటుంది.

ఆర్‌సీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. అందులో తయారైన నెల, సంవత్సరం, 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటాయి. ఆ ఛాసిస్ నంబరు చెబితే షోరూమ్ స్పేర్స్ కౌంటర్‌లో మీ బండికి కచ్చితంగా సరిపోయే పార్టు నంబరు తీసి చెబుతారు. ఆ నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు బండి పేరుకు బదులు ఆ నంబరే కొట్టండి.

పాత పార్టు మీద ఉన్న అంకెలు కూడా రాసుకోండి. చైన్ లింకు మీద 428 అనో 520 అనో ఉంటుంది. 428 అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు, 520 అయితే 15.875. లింకులు ఎన్నో, చైన్ తిరిగే పళ్ళ చక్రాలు, అంటే ముందు స్ప్రాకెట్‌కు, వెనక స్ప్రాకెట్‌కు పళ్ళెన్నో లెక్కపెట్టండి. సుద్దముక్కతో ఒక పన్ను మీద గీత పెట్టి మొదలెడితే తప్పిపోరు. బేరింగు అయితే దాని రింగు మీదే నంబరు ఉంటుంది.

2. పార్టును ఏ కుప్పలో వెయ్యాలో తేల్చుకోండి

నా లెక్కలో మూడు కుప్పలు.

మొదటిది ప్రాణం మీదికి వచ్చేవి: బ్రేక్ షూలు, డిస్క్ ప్యాడ్లు, బ్రేక్ కేబుల్, టైర్లు, ట్యూబులు, చక్రాల బేరింగులు, స్టీరింగ్ కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), యాక్సిలేటర్ కేబుల్, చైన్. ఇవి నేను మనిషిని చూసి, బిల్లు తీసుకుని, మన ఊళ్ళోనే కొంటాను. ఆన్‌లైన్‌లో కొనాల్సే వస్తే బండి కంపెనీ సొంత స్టోరులోనో, పార్టు తయారీదారు సొంత అమ్మకంలోనో తప్ప కొనను. ఇందులో బేరం లేదు.

రెండోది ఊళ్ళో కొంటేనే సుఖంగా ఉండేవి. బ్యాటరీ ఇందులో మొదటిది. బ్యాటరీ షెల్ఫు మీద ఊరికే ఉన్నా దానంతటది దిగిపోతుంది. పార్శిల్‌లో వచ్చినదాని వయసు మనకు తెలియదు. షాపులో అయితే మల్టీమీటర్ పెట్టి చూపించమనొచ్చు: పూర్తిగా చార్జయి ఊరికే ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గరో ఆపైనో చూపించాలి. వారంటీ కార్డు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పాత బ్యాటరీలో సీసం ఉంటుంది, దాన్ని షాపువాళ్ళు తీసుకుని రేటు తగ్గిస్తారు. ఆ తగ్గింపు కలిపితే ఆన్‌లైన్ ధరకూ షాపు ధరకూ పెద్ద తేడా మిగలదు. అమరాన్ మన పక్క తిరుపతి కంపెనీదే, ఎక్సైడ్ ఊరూరా ఉంది, వారంటీకి తిరగడానికి దూరం పోనక్కర్లేదు. రిలే, సీడీఐ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పెట్టె), రెగ్యులేటర్, సెన్సర్లలాంటి ఎలక్ట్రికల్ సామాను కూడా ఇందులోకే వస్తుంది. ఇవి బండికి పెట్టి చూస్తే కానీ తేలవు, పెట్టాక ఎవరూ సంతోషంగా వెనక్కి తీసుకోరు. తెలిసిన షాపతను ఉంటే, "పెట్టి చూసి చెప్పు" అని నమ్మకం మీద ఇస్తాడు.

మూడోది ఆన్‌లైన్‌లో హాయిగా కొనుక్కోదగ్గవి. బండి కవరు, మొబైల్ హోల్డర్, సైడ్ బ్యాగు, చైన్ బ్రష్షు, సాకెట్ స్పానర్ల సెట్టు, టార్క్ రెంచి, ఫుట్ రెస్ట్ రబ్బర్లు, సీట్ కవరు. వీటిలో ఊళ్ళోకన్నా ఎక్కువ రకాలు, తక్కువ ధర నిజంగానే ఉంటాయి. ఉత్పత్తి ఆగిపోయిన బండ్ల సామాను కూడా అంతే. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. కనిగిరిలో ఒక స్నేహితుడు నాన్న నడిపిన ఆర్‌ఎక్స్‌ను ఇప్పటికీ ముద్దుగా చూసుకుంటాడు. దాని చిన్న చిన్న సామాను ఒంగోలంతా తిరిగినా దొరకదు. అలాంటివాళ్ళకు ఆన్‌లైన్ నిజంగా వరం.

హెల్మెట్ మాత్రం రెండు పడవల మీద ఉంటుంది. ధర ఆన్‌లైన్‌లో బాగుంటుంది, సైజు మాత్రం తల మీద పెట్టుకుంటే కానీ తెలియదు. షాపులో పెట్టి చూసుకుని అక్కడే కొనడం మర్యాద. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ అమ్మడం చట్టవిరుద్ధం. ఎక్కడ కొన్నా ఆ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 4151 అన్న అంకె చూడండి.

3. ధర చూడండి, కానీ మొత్తం ధర

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ అన్ని పన్నులతో కలిపిన ఆఖరి ధర. దానికన్నా ఎక్కువ ఎవరూ తీసుకోకూడదు, తక్కువకు ఎవరైనా ఇవ్వొచ్చు. ఈ రెండో ముక్క చాలామంది మరిచిపోతారు. షోరూమ్ కౌంటర్‌లో ఎమ్మార్పీకే అమ్ముతారు, బయటి స్పేర్స్ షాపుల్లో అడిగితే తగ్గిస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి బైకు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు వెయ్యి రూపాయల పార్టు అప్పుడు 1,280, ఇప్పుడు 1,180. పాత ముద్రతో ప్యాకెట్ ఇస్తే, "తగ్గిన రేటు ఎంతన్నా?" అని అడగడంలో తప్పు లేదు.

ఆన్‌లైన్‌లో '60 శాతం తగ్గింపు' అని కనిపిస్తే, పక్కన కొట్టేసిన ఎమ్మార్పీ అసలుదేనా అని షోరూమ్‌కు ఫోన్ చేసి కనుక్కోండి. ఎమ్మార్పీని పెంచి చూపించి తగ్గించేవాళ్ళు ఉన్నారు.

నేను లెక్క ఇలా వేస్తాను. చైన్ సెట్టు షాపులో 1,350, ఆన్‌లైన్‌లో 1,050. మిగిలేది 300. సరిపోకపోతే బండి షెడ్డులో వారం ఉంటుంది, మెకానిక్ విప్పిన కూలి ఒకసారి, మళ్ళీ బిగించిన కూలి ఒకసారి. ఆ వారం నేను బస్సుల్లో, ఆటోల్లో చెరువుల దగ్గరికి వెళ్ళాలి. 300 రెండు రోజుల్లో హరించుకుపోతుంది. నాకు ఒకసారి వెనక స్ప్రాకెట్ బోల్టు రంధ్రాలు హబ్బుతో కలవక ఇదే జరిగింది. వారంలో ఒక్కరోజు తిరిగే బండి అయితే ఈ లెక్క వేరుగా తేలుతుంది. అందుకే ఇంకొకరి సలహా కన్నా మీ సొంత లెక్క ముఖ్యం.

4. షాపులో ఎలా అడగాలి

"చైన్ సెట్టు ఎంత?" అని అడిగితే షాపులో ఉన్నదాంట్లో ఏదో ఒకటి వస్తుంది. పాత పార్టు చేత్తో పట్టుకెళ్ళండి. నేను వెళ్ళే షాపులో మాట ఇలా సాగింది:

"బాబాయ్, చైన్ సెట్టు కావాలి. 2018 మోడలు. ఇదిగో పాతది."

"కంపెనీదా, బయటిదా అబ్బయా?"

"బయటిదైతే ఏమున్నాయి?"

"రోలాన్ ఉంది, డైమండ్ ఉంది. ఇంకోటి ఇంకా తక్కువలో వస్తది కానీ, నీకొద్దులే. ఉప్పు నీళ్ళల్లో తిరిగే బండి నీది."

ఆ చివరి మాట ఏ యాప్‌లోనూ రాదు. నా బండి ఎక్కడ తిరుగుతుందో ఆయనకు తెలుసు. ఇక్కడ 'కంపెనీది' అంటే బండి కంపెనీ పేరుతో ప్యాకయి వచ్చేది. 'బయటిది' అంటే పార్టులు తయారుచేసే సంస్థ తన సొంత పేరుతో అమ్మేది, అది డూప్లికేట్ కాదు. రోలాన్, డైమండ్ చైన్లు, ఎన్‌జీకే, బాష్ ప్లగ్గులు, ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ బేరింగులు ఇలాంటివే. డూప్లికేట్ అంటే వీళ్ళ పేరు, పెట్టె దొంగిలించి అమ్మేది. ఈ మూడు మాటల తేడా తెలిస్తే షాపులో మిమ్మల్ని ఎవరూ ఏమార్చలేరు.

స్టాకు లేకపోతే వదిలేసి రావద్దు. ఒంగోలు, నెల్లూరు షాపులకు విజయవాడ ఆటోనగర్‌తోనో చెన్నైతోనో రోజూ లావాదేవీ ఉంటుంది. "తెప్పిస్తారా?" అంటే ఆర్టీసీ కార్గోలో తెల్లారేసరికి దింపించే అవకాశం ఉంటుంది. పొదిలి, దర్శి, ఉదయగిరి లాంటి చోట్ల ఉండేవాళ్ళకు చాలాసార్లు కొరియర్ కన్నా ఇదే త్వరగా వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాల కాలంలో ఆన్‌లైన్ డెలివరీ తేదీని నమ్ముకుని బండి విప్పదీయకండి.

టైరు కొంటే పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చదవండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. ఏడాది దాటిన సరుకైతే వేరేది తీయమనండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. తెల్లకాగితం మీద రాసిచ్చే లెక్క బిల్లు కాదు. పార్టు పేరు, నంబరు, తేదీ అందులో ఉండాలి.

5. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు

వెబ్‌సైటు పేరు చూసి నమ్మకండి, అమ్మేది ఎవరో చూడండి. పెద్ద సైట్లలో సరుకు వేరే వ్యాపారులది. పార్టు పేరు కింద అమ్మకందారు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నొక్కితే చిరునామా, ఫిర్యాదు చేసే దారి కనిపించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ వివరాలు చూపించాల్సిందే. తయారైన దేశం కూడా రాయాలి.

రివ్యూల్లో అయిదు నక్షత్రాలవి వదిలేయండి. ఒకటి, రెండు, మూడు నక్షత్రాలవి, అందులోనూ ఫొటోలు పెట్టినవి చదవండి. 'ప్యాకింగ్ బాగుంది, త్వరగా వచ్చింది' అన్నవాళ్ళు పార్టు వాడకముందే రాశారు. 'ఆరు నెలలకు' అని మొదలుపెట్టినవాళ్ళ మాటే విలువైనది.

రిటర్న్ ఉందా, రీప్లేస్‌మెంట్ మాత్రమేనా చూసుకోండి. సరిపోని పార్టుకు బదులుగా మళ్ళీ అదే పార్టు వస్తే మనకు ఒరిగేదేమీ లేదు. గడువు ఏడు రోజులైతే మెకానిక్ దగ్గర రోజు ఖాయం చేసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ఇంజిన్ ఆయిల్ కొంటే డబ్బా మీద మీ బండి మాన్యువల్‌లో చెప్పిన గ్రేడుతో పాటు జాసో ఎంఏ అన్న గుర్తు (జాసో అంటే బండి ఆయిళ్ళకు జపాన్ వాళ్ళ ప్రమాణం) ఉందో లేదో చూడండి. గేరు బండ్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. స్కూటర్ల కోసం చేసిన జాసో ఎంబీ ఆయిల్ గానీ, కారు ఆయిల్ గానీ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

6. పార్శిల్ వచ్చాక

విప్పే ముందే ఫోన్ వీడియో ఆన్ చేయండి. అడ్రసు చీటీ, సీలు, లోపలి ప్యాకెట్, పార్టు, దాని మీద నంబరు, అన్నీ ఒకే షాట్‌లో రావాలి. ఆ తర్వాత పాత పార్టు పక్కన కొత్తది పెట్టండి. రంధ్రాలు, మందం, పళ్ళు కలిశాయా చూడండి. కలిసేదాకా కవరు పారేయకండి, గ్రీజు అంటించకండి.

డూప్లికేట్ గుర్తుపట్టడానికి నేను చూసేది అచ్చు. పేరులో అక్షరం తేడా, హోలోగ్రామ్ బదులు మెరిసే స్టిక్కరు, స్కాన్ చేస్తే ఎక్కడికీ పోని క్యూఆర్ కోడ్, ఎమ్మార్పీ మీద ఇంకో ఎమ్మార్పీ. స్పార్క్ ప్లగ్గు అయితే వాషర్‌ను వేళ్ళతో తిప్పి చూడండి. అసలుదానికి తేలిగ్గా ఊడి రాదు. మధ్య కడ్డీ, పైన వంగిన ఎలక్ట్రోడ్ ఒకే వరసలో ఉండాలి.

పార్టు బిగించాక పెట్టెలు అలాగే పారేయకండి, చింపేయండి. ఆయిల్ డబ్బాకు మేకుతో రంధ్రం కొట్టండి. ఖాళీ డబ్బాలు, పెట్టెలు కొని అందులో నకిలీ సరుకు నింపేవాళ్ళుంటారు. మనం పారేసిన పెట్టె రేపు ఇంకొకరి బ్రేకు మీదికి రాకూడదు.

7. మెకానిక్‌తో ముందే మాట్లాడుకోండి

మెకానిక్‌కు షాపుల్లో తగ్గింపు ఉంటుంది. అది అతని సంపాదనలో భాగం. మనమే పార్టు తెచ్చి ఇస్తే అది పోతుంది, అందుకని కూలి కొంచెం ఎక్కువ అడుగుతాడు. నా దృష్టిలో అది న్యాయమే. "అన్నా, పార్టు నేనే తెస్తా, కూలి ఎంత?" అని ముందే అడిగితే ఇద్దరికీ మనసులో ఏమీ ఉండదు. అతనే తెస్తే ప్యాకెట్ నా ముందు విప్పమంటాను, పాతది నాకిమ్మంటాను.

బండి ఇంకా కంపెనీ వారంటీలో ఉంటే ఇదంతా పక్కన పెట్టండి. షోరూమ్‌లోనే చేయించండి.

8. తేడా వస్తే

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతే. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అదీ అంతే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బోర్డు పెట్టినా పాడైన సరుకుకు అది చెల్లదు. మనం తప్పు సైజు కొనుక్కున్నదానికి మాత్రం ఈ హక్కు లేదు, అక్కడ షాపతని మంచితనమే దిక్కు.

ఆన్‌లైన్ కొనుగోలైతే ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలిక లేకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఇంకా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. విప్పినప్పటి వీడియో, బిల్లు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకుంటే పని తేలిక. బ్రేక్ షూల విషయంలో నా దగ్గర ఇవేవీ లేకపోయాయి.

9. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి

టూల్ బాక్సులో పట్టేంత చిన్నది చాలు. తేదీ, కిలోమీటర్లు, పార్టు, ఎక్కడ కొన్నది, ఎంతకు. పార్టు మార్చేటప్పుడు అది ఎన్ని కిలోమీటర్లు నడిచిందో పక్కన రాయండి. నా పుస్తకంలో రెండు చైన్ సెట్ల లెక్క ఇలా ఉంది: ఈ పద్ధతి పెట్టుకోకముందు ఆన్‌లైన్‌లో 1,050కి కొన్నది 9,000 కిలోమీటర్లకే పళ్ళు కొక్కేల్లా వంగి పోయింది. కిలోమీటరుకు 11.7 పైసలు. షాపులో 1,350కి కొన్నది అదే చెరువు గట్ల మీద 18,000 నడిచింది. కిలోమీటరుకు 7.5 పైసలు. దాని కింది గీతలోనే ఆన్‌లైన్‌లో కొన్న సాకెట్ సెట్టు ఉంది. షాపు రేటు కన్నా 400 తక్కువకు వచ్చింది, నాలుగో ఏడు నడుస్తోంది, ఒక్క సాకెట్ కూడా అరగలేదు.